తక్కువైన ఏడువందల యాభై నాలుగు కాళ్ళు

ఆ ఉత్తర్వు పుట్టడానికి కారణం చెమట. ఒక పెద్ద అధికారి మే నెలలో శీతలపురం అనే ఊరికి తనిఖీకి వెళ్ళారు. అతిథి గృహంలో కరెంటు లేదు. మూడు గంటలసేపు రుమాలు పిండుకున్నాక, "ఈ ఊరికి శీతలపురమని పేరు పెట్టిన బాధ్యుడెవరు?" అని తహసీల్దారును నిలదీశారు. బాధ్యుడు సుమారు ఆరువందల ఏళ్ళ క్రితమే మరణించినట్టు తహసీల్దారు లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకున్నారు. అధికారికి తృప్తి కలగలేదు. బాధ్యుడు చచ్చిపోయినా పేరు మాత్రం ఉద్యోగంలోనే ఉందని ఆయన బాధ.

ఏడాది తిరక్కుండా 'యథార్థ నామ ఉత్తర్వు' వెలువడింది. ప్రభుత్వ కాగితం మీద కనిపించే ఏ పేరైనా వాస్తవంతో సరిపోవాలి. సరిపోయిందని ఒక అధికారి స్వయంగా వెళ్ళి చూసి ధ్రువీకరించాలి. అంతవరకూ ఆ పేరున్న కాగితం కదలకూడదు.

జనం మెచ్చుకున్నారు. పత్రికలు సంపాదకీయాలు రాశాయి. కళాశాలల్లో వ్యాసరచన పోటీలు పెట్టారు. ఏడుమెట్ల వీధిలో అయిదు మెట్లే ఉన్నాయని తేలితే మునిసిపాలిటీవారు రాత్రికి రాత్రి రెండు మెట్లు కట్టించారు. అవి ఎక్కడికీ వెళ్ళవు, కానీ లెక్క సరిపోయింది.

డాక్టర్ బొంతు అప్పలనరసమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. ప్రభుత్వ ప్రాణి పరిశోధనాలయంలో ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని రోకలిబండల మీద. రోలు పక్కన నిలబెట్టే రోకలిబండ కాదు, వాన పడగానే గోడవారన పాకుతూ, ముట్టుకుంటే చుట్ట చుట్టుకుపోయేది. పాఠ్యపుస్తకాలు దాన్ని సహస్రపాది అంటాయి. ఇప్పుడామె బల్ల మీద ఉన్నది మన ఊళ్ళది కాదు. తూర్పు ఆఫ్రికాది. జానెడు పొడుగు, బొటనవేలంత లావు, నల్లటి ఒళ్ళు, ఎర్రటి కాళ్ళు. నూరేళ్ళ క్రితం ఐరోపా పండితుడెవరో ఒకే ఒక విరిగిన ఆడదాన్ని చూసి నాలుగు వాక్యాలు రాసి వదిలేశాడు. "నల్లగా ఉంది. పెద్దది. కాళ్ళు ఎరుపు. తక్కిన భాగం దొరకలేదు." లోకానికి దాని గురించి తెలిసింది అంతే.

ఆ తక్కిన భాగం టాంజానియాలో నేమా మ్రేమా అనే అటవీ పరిశోధకురాలికి దొరికింది. మ్వేజీ అనే చిన్న కొండ మీది అడవిలో, రాలిన ఆకుల కింద, ప్రాణంతో. ఈ జీవుల్లో ఏది ఏదో తేల్చి చెప్పేది మగది. మగదాని ఏడో కణుపు దగ్గరి కాళ్ళు నడకకు పనికిరాకుండా మారిపోయి, జత కట్టడానికి పనికొస్తాయి. వాటి ఆకారం ఒక్కో జాతికి ఒక్కో రకం. వాటిని గుర్తుపట్టి బొమ్మ గీయగలవాళ్ళు లోకంలో పదిమంది కూడా ఉండరు, వాళ్ళలో నరసమ్మ ఒకతె. అందుకే నేమా సీసాల్లో పదకొండింటినీ, ప్రాణంతో మూడింటినీ అనుమతి పత్రాలతో సహా ఆమెకు పంపింది. నరసమ్మ పదకొండు నెలలు సూక్ష్మదర్శినికి కళ్ళప్పగించి వ్యాసం పూర్తిచేసింది. విదేశీ పత్రిక ఒకటి వేసుకుంటామంది. సంస్థ నుంచి 'అభ్యంతరం లేదు' అన్న కాగితం ఒక్కటే తక్కువ.

ఆ కాగితానికి తొందర ఉంది. మ్వేజీ కొండను రాతి క్వారీకి ఇవ్వాలా వద్దా అన్న విచారణ ఆగస్టు ఇరవైన. ఆ కొండ మీద తప్ప మరెక్కడా లేని జీవి ఉందని అచ్చులో కనిపిస్తే కొండ బతుకుతుంది. "కంపెనీవాళ్ళు తుపాకిమందు కూరి రాళ్ళు పేల్చడానికి కన్నాలు కూడా తవ్వేసుకున్నారు, డాక్టర్," అంది నేమా ఫోనులో. "మీ వ్యాసం ఆగస్టు ఇరవై ఒకటిన వస్తే అది సంతాప సందేశమే."

ఫిబ్రవరి మొదటివారంలో నరసమ్మ వ్యాసం పట్టుకుని డైరెక్టర్ విశ్వంభరరావు గదికి వెళ్ళింది. ఆయన పదవీ విరమణకు పధ్నాలుగు నెలలుంది. ఆ పధ్నాలుగు నెలలూ పెన్నుకు మూత తీయకుండా గడపాలని ఆయన సంకల్పం.

"అమ్మా నరసమ్మా, చక్కగా రాశావు. కానీ మొదటి వాక్యంలోనే సహస్రపాది అన్నావు."

"అవునండి."

"సహస్రమంటే?"

"వెయ్యి."

"ఉన్నాయా?"

"లేవండి. నా దగ్గరున్న మూడింటిలో పెద్దదానికి రెండువందల నలభై ఆరు."

విశ్వంభరరావు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు. "ఈ మాట బయట ఎవరితోనూ అనలేదు కదా?"

"పోనీ, రోకలిబండ అని రాస్తానండి."

"అప్పుడది దంచాలి."

"ఉత్త పురుగు అంటే?"

"పురుగుకి ఆరే కాళ్ళని స్కూలు పిల్లల కోసం వరండాలో బోర్డు రాయించింది నువ్వే కదమ్మా!"

నరసమ్మకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. ఫైలు మీద నామ ధ్రువీకరణ విభాగం పేరు రాసి, సత్వర పరిష్కార విభాగం ద్వారా పంపించమన్నారు. అలా పంపిస్తే తొందరగా తేలుతుందని ఆయన భరోసా.

పదకొండు వారాలకు తేలింది. ఏప్రిల్ చివర్లో నామ ధ్రువీకరణాధికారి చిదానందం గారు భూతద్దంతో, రబ్బరు ముద్రతో, సొంత ఫ్లాస్కుతో సహా వచ్చారు. బక్కపలచటి మనిషి. లంచం తీసుకోరు, పరాయి టీ తాగరు. "తమరి రాక మహానందంగా ఉందండి," అని విశ్వంభరరావు అంటే, ఆయన ముఖంలోకి నిదానంగా చూసి, పుస్తకంలో ఏదో రాసుకున్నారు. ఏం రాసుకున్నారో తెలీక విశ్వంభరరావు ఆ పూట భోజనం చేయలేదు.

"సదరు జీవిని హాజరుపరచండి," అన్నారు చిదానందం గారు.

అటెండరు గవరయ్య పెద్దదాన్ని పెట్టెలోంచి తీసి అరచేతిలో పెట్టుకుని తెచ్చాడు. ఇరవై ఏళ్ళుగా వీటికి తిండి పెట్టేది, తట్టి లేపేది అతనే. అధికారి తన చేత్తో పట్టుకోవాలన్నారు, నిబంధన అలాగే ఉంది. పట్టుకున్నారు. అది చుట్ట చుట్టుకుని పసుప్పచ్చటి నీళ్ళేవో ఆయన వేళ్ళ మీద వదిలింది. గది ఘాటెక్కింది.

"కొత్త సెయ్యి కదా, బయపడిపోనాది బాబూ," అన్నాడు గవరయ్య. "కడిగేత్తే వోసన పోద్ది. మచ్చ మాత్రం పదిరోజులుంటాది."

చిదానందం గారు చెయ్యి కడుక్కోలేదు. లెక్క మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదట. మొదటిసారి రెండువందల నలభై ఒకటి వచ్చింది, రెండోసారి నలభై తొమ్మిది. నడిచేటప్పుడు ఆ కాళ్ళు వరిచేను మీద గాలిలా అలలు అలలుగా కదులుతాయి, లెక్కపెట్టేవాడి కళ్ళు తిరుగుతాయి. అయిదోసారికి స్థిరపడింది.

"రెండువందల నలభై ఆరు. తక్కువైన కాళ్ళు ఏడువందల యాభై నాలుగు. కారణం?"

"పుట్టుకండి," అంది నరసమ్మ.

"ఈ లోపం ఎంతకాలంగా ఉన్నది?"

"ఈ జీవులు భూమి మీదికొచ్చి నలభై కోట్ల ఏళ్ళు దాటిందండి."

"అనగా సంస్థ స్థాపనకు పూర్వమే."

"పూర్వమేనండి."

"అట్లయిన సంస్థకు బాధ్యత లేదు," అని ఆయన రాసుకుంటే విశ్వంభరరావు కుర్చీలో కాస్త వెనక్కి వాలారు.

తరువాత మగది. దానికి రెండువందల ముప్ఫై నాలుగే. కణుపుల లెక్క ప్రకారం ఇంకో నాలుగు ఉండాలని చిదానందం గారే కనిపెట్టి, అవెక్కడని గద్దించారు. అవి ఏమయ్యాయో, ఏ పనికి మారాయో నరసమ్మ బొమ్మతో సహా విడమరిచి చెప్పింది. టైపిస్టు ఆ వాక్యం తాను కొట్టనని లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. అరగంట చర్చ తరువాత ఫైల్లో ఇలా నమోదైంది: "కుటుంబ సంబంధ విధుల నిమిత్తం నాలుగు కాళ్ళు డిప్యుటేషన్‌పై ఉన్నవి."

మూడోది పిల్లది. నూట తొంభై.

చిదానందం గారు సాయంత్రానికి తీర్పు రాశారు. ఉన్న కాళ్ళను బట్టే పేరుండాలి. కాబట్టి ఆడది షట్చత్వారింశదధిక ద్విశతపాది. మగది చతుస్త్రింశదధిక ద్విశతపాది. పిల్ల నవత్యధిక శతపాది. పేర్లు మూడైనందున జీవులూ మూడే, వ్యాసాలూ మూడు రాయాలి.

"అవి మొగుడూ పెళ్ళామూనండి!" అంది నరసమ్మ.

"వేర్వేరు పేర్లు గల జీవులు ఒకే పెట్టెలో కాపురముండుటకు నిబంధన లేదు. వెంటనే వేరుచేయండి."

వేరుచేశారు. మగది రెండు రోజులు దోసకాయ ముక్క ముట్టుకోలేదు. "దీనికేటి ఇడాకులమ్మా, పాపం, ఏం తప్పు సేసిందనీసి?" అన్నాడు గవరయ్య. వ్యాసం మూడు ముక్కలైతే అది శాస్త్రం కాదు, అబద్ధం. ముక్కలు చేయకపోతే కాగితం కదలదు. విజ్ఞప్తి మీద విజ్ఞప్తి పెట్టింది. మే గడిచింది. ప్రతి విజ్ఞప్తికీ ముద్ర వేసిన రసీదు మాత్రం వచ్చింది.

జూన్ మూడోవారంలో పిల్ల రోకలిబండ మట్టిలోకి దిగిపోయింది. మర్నాడే చిదానందం గారు నెలవారీ పరిశీలనకు వచ్చారు.

"నవత్యధిక శతపాది ఏదీ?"

"లోపలుందండి. కుబుసం విడుస్తోంది," అంది నరసమ్మ.

"బయటకు తీయండి."

గవరయ్య పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. "తవ్వితే సచ్చిపోద్ది బాబూ."

"మట్టిలో గూడు కట్టుకుని ఉందండి," అంది నరసమ్మ. "ఒళ్ళంతా పాల మీగడలా మెత్తగా ఉంటుంది. ఇప్పుడు వేలు తగిలినా చీలిపోతుంది. నాలుగైదు వారాల్లో దానంతటదే వస్తుంది, ఇంకొన్ని కాళ్ళతో."

చిదానందం గారి చేతిలోంచి భూతద్దం జారింది. "కాళ్ళు పెరుగునా? పేరు మంజూరైన తరువాతనా?"

"పిల్లవాటికి పెరుగుతాయండి."

"ఎవరి అనుమతితో?"

తవ్వితే జీవి చచ్చిపోతుంది, చచ్చినదాని పేరు ధ్రువీకరించే అధికారం ఆయనకు లేదు. తవ్వకుండా వెళ్ళిపోతే ధ్రువీకరించని పేరొకటి ప్రభుత్వ ఆవరణలో మిగిలిపోతుంది. మనిషి నిజాయితీపరుడు, చూసీ చూడనట్టు పోవడం చేతకాదు. చివరికి ఒక స్టూలు అడిగారు. పెట్టె పక్కన వేసుకుని కూర్చున్నారు.

పద్ధెనిమిది రోజులు కూర్చున్నారు. ఉదయం పదింటికి వచ్చి సాయంత్రం అయిదింటికి వెళ్ళేవారు. ఊరికే ఉండలేక, మిగతా రెండింటి కాళ్ళూ, సీసాల్లోని పదకొండింటి కాళ్ళూ, కణుపులూ లెక్కపెట్టి, తేదీ, గంటతో సహా కాగితాల మీద వేసి, 'నా ఎదుట లెక్కించబడినవి' అని రాసి గుండ్రటి ముద్ర కొట్టేవారు. మొదట్లో నరసమ్మకు ఆయన్ను చూస్తే ఒళ్ళు మండేది. వారం గడిచాక ఒకరోజు ఆయన లెక్కను తన లెక్కతో పోల్చి చూసింది. రెండు చోట్ల తనదే తప్పు. కిక్కురుమనకుండా దిద్దుకుంది.

పద్ధెనిమిదో రోజు ఆయన మట్టి వైపు చూస్తూ అడిగారు. "అది లోపల భయపడుతుందాండీ?"

అది ధ్రువీకరణాధికారి గొంతులా లేదు. నరసమ్మ కుర్చీ ఇటు తిప్పింది.

"తెలీదండి. భయపడినా చేసేదేం లేదు కదా, ఒళ్ళు గట్టిపడేదాకా కదలకూడదు." ఆగి, మ్వేజీ కొండ గురించి చెప్పింది. కన్నాల గురించి, ఆగస్టు ఇరవై గురించి, సంతాప సందేశమన్న నేమా మాట గురించి చెప్పింది.

ఆయన అంతా విని, "అడవి నా పరిధిలో లేదు," అన్నారు. కాస్సేపటికి, "ఇంత తొందర ఉన్నప్పుడు ఏప్రిల్‌దాకా ఎందుకు ఆగారు?"

"నేను ఫిబ్రవరిలోనే పంపానండి. సత్వర పరిష్కార విభాగంలో పదకొండు వారాలుంది."

"ఏ విభాగంలో?"

"సత్వర..." అని నరసమ్మ ఆగిపోయింది. ఆయన ముఖంలో ఏదో మెదిలింది. ఆమె ముఖంలోనూ మెదిలింది. ఒక తెల్లకాగితం తీసి, సదరు విభాగపు పేరును యథార్థ నామ ఉత్తర్వు ప్రకారం భౌతికంగా పరిశీలించవలసిందిగా వినయపూర్వకంగా ప్రార్థించింది. కింద సంతకం పెట్టి, రసీదు కూడా అడిగింది.

చిదానందం గారు పెట్టెను గవరయ్యకు అప్పగించి మర్నాడే రాజధాని బస్సెక్కారు.

అక్కడ జరిగినవి నరసమ్మకు తరువాత తెలిసినవే. మొదటిరోజు ఆయన సత్వర పరిష్కార విభాగంలో మూడేళ్ళ ఫైళ్ళు తిరగేశారు. సగటు పరిష్కారం తొంభై ఏడు రోజులు. బోర్డు దింపించి 'తొంభై ఏడు రోజుల విభాగం' అని సుద్దముక్కతో రాశారు. రెండోరోజు విచారణ కౌంటర్‌లో ఏమీ విచారించడం లేదని గమనించి 'కిటికీ' అని మార్చారు. మూడోరోజు ముఖ్య సలహాదారును, ఇప్పటిదాకా ఏమేం సలహాలిచ్చారో చెప్పమని అడిగారు. ఆయన ఆలోచించుకోవడానికి గడువు కోరారు. నాలుగోరోజు పెద్ద అధికారి గది ముందు బల్ల మీద కూర్చున్నారు. ఉత్తర్వుకు మూలపురుషులు వారే. తలుపు మీద వారి పేరు శాంతమూర్తి అని ఇత్తడి అక్షరాల్లో ఉంది. చిదానందం గారు పదింటి నుంచి ఒంటిగంట వరకు లోపలి నుంచి వినవచ్చిన ఒక్కో కేకకూ పుస్తకంలో ఒక్కో గీత గీసుకున్నారు. పదిహేడు. తలుపు తట్టి, "అయ్యా, తమరి పేరు విషయమై చిన్న సందేహం," అన్నారు. పద్ధెనిమిదోది అప్పుడు వినిపించింది.

మర్నాడు ఉదయం ఉత్తర్వు రద్దయింది. "ఉత్తర్వు లక్ష్యం నూటికి నూరుపాళ్ళు నెరవేరినందున ఉపసంహరించడమైనది," అని ప్రకటించారు. పత్రికలు మళ్ళీ సంపాదకీయాలు రాశాయి. చిదానందం గారిని శిక్ష కింద ఎక్కడికి బదిలీ చేయాలన్న ప్రశ్న వచ్చింది. రాష్ట్రమంతా వెతికి, అంతకంటే కింది చోటు లేదని తేల్చుకుని, నరసమ్మ రోకలిబండల గదికి రికార్డు గుమాస్తాగా పంపారు. ఆ మాటకు నరసమ్మకు కోపం రావలసింది. కానీ ఆ రోజు ఆమెకు తీరిక లేదు. విశ్వంభరరావు ఎదుట కూర్చుని ఉంది.

"ఇప్పుడు వద్దనడానికి నిబంధన లేదండి," అంది.

"అవునననడానికీ లేదు కదమ్మా."

"ఫిబ్రవరి నుంచీ ఈ కాగితం కోసం కనిపెట్టుకుని కూర్చున్నానండి. ఆగస్టు ఇరవై దాటితే నేనిక్కడే, ఈ కుర్చీలోనే ఉంటాను. మీ రిటైర్మెంటు రోజుదాకా ఉంటాను."

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. చూసి, పెన్ను మూత తీశారు. సంతకం పడింది. వ్యాసం ఒకే ముక్కగా, ఒకే పేరుతో, ఆగస్టు పన్నెండున అచ్చయింది.

ఈలోగా చిదానందం గారు ఆ పెట్టె పక్కనే కొత్త ఉద్యోగంలో చేరారు. వచ్చిన మూడోరోజు మధ్యాహ్నం మట్టి కదిలింది. ముందు మీసాలు, తరువాత తల, తరువాత అప్పుడే తుడిచినట్టు నిగనిగలాడే ఒళ్ళు. గవరయ్య చెయ్యి చాపితే ఎక్కి కూర్చుంది. చిదానందం గారు వంగి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. "రెండువందల రెండు," అన్నారు. "పన్నెండు ఎక్కువ." ఆ పన్నెండూ ఆయనే ఇప్పించినట్టుంది ఆ గొంతు. ఆ సాయంత్రం ఆడదాన్నీ మగదాన్నీ ఆయనే స్వయంగా ఒక పెట్టెలో వేశారు. ఏ నిబంధన కింద అని ఎవరూ అడగలేదు.

నేమాకు పంపే పొట్లంలో వ్యాసంతో పాటు కాళ్ళ లెక్కలకు తాను ముద్ర కొట్టిన ధ్రువపత్రాలు నలభై ఒకటీ పెట్టాలని ఆయన పట్టుబట్టారు. శాస్త్రంలో వాటి అవసరం లేదని నరసమ్మ చెప్పి చూసింది. "లెక్కించబడినవి దాచుట సబబు కాదు," అన్నారాయన. మనిషి అంత చిన్నబోతే నరసమ్మ కాదనలేక పెట్టించింది.

ఆగస్టు ఇరవై సాయంత్రం ఫోను మోగింది. నరసమ్మ స్పీకరు పెట్టింది. గవరయ్యకు ఇంగ్లీషు రాదు, అయినా వచ్చి నిలబడ్డాడు.

కంపెనీ వకీలు గట్టివాడట. ఇది తీరమంతా తిరిగే మామూలు జాతేనని, ఎక్కడో దూరదేశంలో ఒకావిడ గీసిన బొమ్మను నమ్మి కొండను ఆపుతారా అని వాదించాడట. విచారణ జరిపే బోర్డు అధ్యక్షుడు ముసలాయన. వ్యాసం తెరిచి, ఏడో కణుపు బొమ్మ దగ్గర రెండుసార్లు దగ్గి, పేజీ తిప్పేశాడట.

"అప్పుడే అంతా అయిపోయిందనుకున్నాను, డాక్టర్," అంది నేమా. "తరువాత ఆయన చేతికి ఆ నలభై ఒక్క కాగితాలు తగిలాయి. ఒక్కొక్కటీ తిప్పాడు. తేదీ, గంట, సంతకం, గుండ్రటి ముద్ర. సభ్యులందరికీ చూపించాడు. అందరూ ముద్రలు తడిమి చూశారు. వకీలును అడిగాడు, ఇది ఇంకెక్కడైనా ఉన్నట్టు మీ దగ్గర ముద్ర ఉన్న కాగితం ఒక్కటైనా ఉందా అని. లేదన్నాడు."

"అయితే?"

"అయితే ఏముంది! లైసెన్సు ఇవ్వలేదు. కన్నాలు పూడ్చమన్నారు!"

నరసమ్మ కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. పదకొండు నెలలు కళ్ళు పోగొట్టుకుని గీసిన బొమ్మను దాటుకుంటూ వెళ్ళి రబ్బరు ముద్రను పట్టుకున్నారని ఎవరికి చెప్పుకోవాలి? తిట్టబోయి నవ్వింది, నవ్వబోయి ఏడ్చింది. ఆమె ముఖం చూసి సంగతి పట్టేసిన గవరయ్య, "కొండ ఉండిపోనాదేటమ్మా?" అని అరిచి, జవాబు కోసం ఆగకుండా దోసకాయ తరగడానికి పరిగెత్తాడు.

చిదానందం గారు మాత్రం నిలబడిన చోటనే ఉన్నారు. ఆయన ముఖంలో ఆందోళన ఉంది.

"మేడమ్, వారినొక్కమాట అడగగలరా? అందులో పదిహేడో కాగితం మీద ముద్ర కొంచెం వంకరగా పడింది. దాని విషయమై సభ్యులెవరైనా అభ్యంతరం తెలిపారా?"

నరసమ్మ అడిగింది. అవతల నేమా పగలబడి నవ్వడం గదంతా వినిపించింది.

"ఎవరూ తెలపలేదండి."

చిదానందం గారు ఊపిరి పీల్చుకున్నారు. స్టూలు దగ్గరికి లాక్కుని, ముద్ర తుడిచి, పదిహేడో కాగితం మళ్ళీ రాయడానికి కూర్చున్నారు.